మేడ మీద గదులు రాత్రి కూడా కొలిమే: రేకుల షెడ్డా, సున్నమా?

పాలకొల్లు_మేడ:
నమస్తే అండి. పాత పెంకుటిల్లు తీసేసి ఆరేళ్ల కిందట రెండంతస్తులు కట్టాం, కింద అమ్మానాన్న, పైన మేమూ పిల్లలూ. రోహిణి కార్తెలో కూడా కింద ఫ్యాన్ వేసుకుంటే నిద్ర పడతది, పైన మాత్రం రాత్రి పదకొండింటికి మంచం మీద నిలబడి స్లాబుకి చెయ్యి ఆనిస్తే వెచ్చగా తగుల్తది, ఫ్యాన్ వేస్తే ఆ వేడే మొహాన కొడతది. ఒకటిన్నర టన్నుల ఏసీ పెట్టినా కంప్రెసర్ ఆగట్లేదు. మేస్త్రి డాబా మీద రేకుల షెడ్డు వేయించమంటాడు, మా బావేమో సున్నం చాలంటాడు. ఏది చేయమంటారు?

తణుకు_రైతు:
షెడ్డే వేయించండి. మేం వేయించి నాలుగేళ్లయింది, స్లాబుకి ఎండా తగలదు వానా తగలదు, వడియాలు పెట్టుకోడానికి మాత్రం చోటు పోయింది అంతే. సున్నం మనూళ్లలో ఒక్క వానాకాలానికే పాచి పట్టి నల్లగా అయిపోద్ది.

ముమ్మిడివరం_వాసి:
తణుకు అన్నయ్యా, మీకు సముద్రం దూరం, మాకు కాదు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను చూసినోళ్లెవరూ ఇంటి నెత్తిన రేకులు పెట్టమని చెప్పరు. కొబ్బరిచెట్లే కూలిపోయాయి, రేకులెంత? పైగా ఉప్పుగాలికి బోల్టులు ముందు తుప్పు పడతాయి, అక్కడే రేకు ఊడుద్ది.

రావులపాలెం_సివిల్:
ఇళ్లు కట్టించడమే నా పని, కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను. కింద చల్లగా ఉండటానికి కారణం పై అంతస్తే, అదే గొడుగు. పైన ఉన్నోళ్లకి ఆ గొడుగు లేదు. అయిదంగుళాల కాంక్రీటు పొద్దున్నుంచి ఎండని మింగుతా ఉంటది, ఆ వేడి అడుగుకి దిగడానికి గంటలు పడతది, అందుకే మీకు మధ్యాహ్నం కంటే రాత్రి నరకం. ఏసీ చల్లబరిచేది గదిలో గాలిని, నెత్తి మీద స్లాబు తెల్లార్లూ వేడి కక్కుతుంటే అదేం చేస్తది పాపం. ఫాల్స్ సీలింగ్ వేస్తే కొంత తగ్గుద్ది గానీ స్లాబులోకి వేడి దిగడం ఆగదు. ఆపాల్సింది పైనే. వాటర్ కూలర్ కొంటానంటారేమో, మన ఉక్కపోతలో అది తేమ పెంచుతుందే తప్ప చల్లదనం ఇవ్వదు.

నా మాట సున్నానికే. తెలుపు ఎండని తిప్పికొడతది, తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇందుకే. పాచి సంగతి నిజమే అండి, కాకపోతే పాచి పట్టేది వానల్లో, మనకి తెలుపు కావాల్సింది ఎండల్లో. సంక్రాంతి వెళ్లాక ఇనప బ్రష్షుతో గీకి కడిగి, బీటలు పూడ్చి, జిగురు కలిపిన సున్నం రెండు కోట్లు ఏటా వేయాల్సిందే, బద్ధకిస్తే మాత్రం లాభం లేదు. డబ్బు పెట్టగలిగితే కూల్ రూఫ్ పెయింటు, ఎక్కువకాలం ఉంటది. పడమటి గోడకి ఎండ తగుల్తుంటే దానికీ నీడ చూడండి. మెట్లకి తలుపు ఉందా? లేకపోతే మీ ఏసీ చల్లగాలి మెట్లమీంచి కిందకి జారిపోతా ఉంటది.

తణుకు_రైతు:
ఏటా ఎవరు గీకుతారండీ? మా ఇంట్లో పెద్దోళ్లే ఉంటారు, ఒకసారి ఖర్చు పెట్టి ఊరుకునేదే మాకు నయం.

రావులపాలెం_సివిల్:
ఆయ్, మీ ఇంటికి అది సబబే, కాదనను. షెడ్డు వేసినా నాలుగు పక్కలా గాలాడేలా ఎత్తుగా వేయాలి. మూసేశారంటే రేకు కాగి కింద స్లాబుని కూడా కాలుస్తది.

పాలకొల్లు_మేడ:
మెట్లకి తలుపు లేదండి, ఈ వారమే పెట్టిస్తాను. సున్నం ముందు పిల్లల గది మీద వేయించి మా గది వదిలేస్తాను, రెండు గదుల్లో థర్మామీటర్లు పెట్టి రాత్రి పదింటికి ఎంతుందో పది రోజులు రాసుకుని ఇక్కడే పెడతాను. తేడా కనపడకపోతే అప్పుడు మేస్త్రిని పిలుస్తా.