అప్‌డేట్: మూడేళ్ల పాప ఉన్న ఇంటికి ఏ కుక్క? తేలింది

ఒంగోలులో రెండో అంతస్తు ఇల్లు, మూడేళ్ల పాప, ఏసీ ఒక్క గదికే. ల్యాబ్రడార్ పిల్లని తేవాలా, పగ్‌నా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. రెండూ కాదు, రెండేళ్ల నాటు ఆడకుక్క వచ్చింది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినదే. సలహా ఇచ్చినోళ్లందరికీ థ్యాంక్స్.

పనికొచ్చిన మాట: "జాతి తర్వాత, ముందు ఎదిగిన కుక్క స్వభావం చూడండి". పశువుల డాక్టరు గారూ అదే అన్నారు. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పళ్లు మారేటప్పుడు కుక్కపిల్ల దొరికినదల్లా కొరుకుద్ది, పాప వేళ్లతో సహా. పగ్‌ది చప్పిడి ముక్కు, రోహిణీ కార్తెలో దానికి ఊపిరాడదు.

స్వభావం తెలుసుకోడానికి డాక్టరు గారు చేసిన పరీక్ష తేలికే. కుక్క తింటుంటే కాస్త దూరం నుంచి గిన్నెలోకి కోడిముక్క విసిరారు. ఒళ్లు బిగబట్టి, కంటి తెల్లగుడ్డు కనపడేలా ఓరగా చూస్తే వద్దనుకోమన్నారు. ఇది తోకూపుతా తలెత్తింది. స్టీలు గ్లాసు కింద పడేస్తే ఉలిక్కిపడి, మళ్లీ వచ్చి గ్లాసునే వాసన చూసింది.

ఆడదైతే మేలా మగదైతే మేలా అని మీలో కొందరు పెట్టిన పంచాయితీ అనవసరం. కుక్కకి పిడుదులు పడతాయన్న మాట మాత్రం నిజం: చెవుల లోపల, వేళ్ల సందుల్లో రోజూ వెతకాల్సిందే. రేబిస్ టీకా ఏడాదికోసారి, నులిపురుగుల మందు మూడు నెలలకోసారి రాసిచ్చారు. కుక్క తినేటప్పుడు, పడుకున్నప్పుడు పాపని దగ్గరికి పోనివ్వట్లేదు. వంటింటి గుమ్మానికి చిన్న గేటు పెట్టించాం.