జాతి ఒంట్లో ఉందా, దరఖాస్తులో ఉందా?

కృష్ణాతీరం

మా అబ్బాయి ఇక్కడ న్యూజెర్సీలో కాలేజీ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. సోషియాలజీ తొలి పాఠాల్లోనే "జాతి (రేస్) జీవశాస్త్ర వాస్తవం కాదు, సామాజిక నిర్మితి" అని ఉంది. ఎత్నిసిటీ కూడా అంతేనట. కాకపోతే అది భాష, ఆచారం, పూర్వీకుల జ్ఞాపకం మీద నిలబడుతుందట. మార్కులు ముఖ్యం కనుక పరీక్షలో అలాగే రాయమన్నాను. నాకు మాత్రం మింగుడు పడలేదు.

నేను మందుల కంపెనీలో పని చేస్తాను. ఆసియా సంతతివాళ్లకు బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 23కు చేరగానే షుగరు పరీక్ష చేయించాలని అమెరికా డయాబెటిస్ సంఘం 2015 నుంచి చెబుతోంది. మిగతావాళ్లకు ఆ గీత 25 దగ్గర ఉంది. సమాజం కట్టిన కథ అయితే క్లోమానికి ఎలా తెలిసింది? సీసాలో ఉమ్మి పోసి పంపితే డీఎన్‌ఏ కంపెనీవాళ్లు దక్షిణాసియా అని తేల్చేస్తున్నారు. ఒంట్లో లేనిదాన్ని ఎలా చదువుతున్నారు? తెలిసినవాళ్లు చెప్పండి. "అందరం మనుషులమే" తరహా జవాబులు వద్దు, అది నాకూ తెలుసు.

చిత్తుకాగితం

కృష్ణాతీరం గారూ, ఒంటి సంగతి డాక్టర్లు చెబుతారు. దరఖాస్తు సంగతి నేను చెబుతాను. దాని ముందు మనదేశంవాళ్లు పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు.

1790 నాటి అమెరికా చట్టం ప్రకారం వలస వచ్చినవాళ్లలో బానిసలు కాని తెల్లవాళ్లకే పౌరసత్వం. 1870లో ఆఫ్రికా సంతతివాళ్లను చేర్చారు. ఆ రెంటికీ చెందనివాళ్లు కోర్టుకెక్కి తాము తెల్లవాళ్లమని రుజువు చేసుకోవాలి. తకావో ఒజావా అనే జపానీయుడు అలాగే వెళ్లాడు. కాలిఫోర్నియాలో చదివాడు, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడేవాడు, తన చర్మం కూడా తెల్లనిదే అని వాదించాడు. 1922 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది: రంగుతో నిమిత్తం లేదు, తెల్లవాడంటే కాకేసియన్ (యూరప్, దాని చుట్టుపక్కలవాళ్లకు ఆనాటి పండితులు పెట్టిన పేరు) జాతివాడు, నువ్వు కాకేసియన్ కావు.

మూడు నెలలు తిరిగాక, 1923 ఫిబ్రవరి 19న, భగత్ సింగ్ థిండ్ వంతు వచ్చింది. ఆయన అమృత్‌సర్ ప్రాంతం నుంచి వెళ్లిన సిక్కు. మొదటి ప్రపంచ యుద్ధ సమయంలో అమెరికా సైన్యంలో పని చేశాడు. ఉత్తర భారతీయులు కాకేసియన్లే అని ఆనాటి మానవశాస్త్రం చెప్పేది. ఒజావా తీర్పునే ఎదురుగా పెట్టి, కాకేసియన్ అంటే తెల్లవాడని మీరే అన్నారు కదా అని థిండ్ అడిగాడు. అదే కోర్టు, తీర్పు రాసింది అదే న్యాయమూర్తి జార్జ్ సదర్లాండ్. ఈసారి శాస్త్రం లెక్కలోకి రాలేదు. సామాన్యుడు ఎవరిని తెల్లవాడని అనుకుంటాడో అతడే తెల్లవాడన్నారు. (సదర్లాండ్ కూడా ఇంగ్లండులో పుట్టి వలస వచ్చినవాడే. ఆయన్ను మాత్రం ఎవరూ రుజువు అడిగి ఉండరు.)

దాంతో అప్పటికే పౌరులైన భారతీయుల పౌరసత్వాలు రద్దు చేయడం మొదలు పెట్టారు. పౌరసత్వానికి అర్హత లేనివాళ్లు కాలిఫోర్నియాలో భూమి కొనకూడదని వేరే చట్టం ఉండనే ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణం నడిపిన వైష్ణో దాస్ బగాయ్ పౌరసత్వం పోయింది, ఆస్తి పోయింది, స్వదేశం చూసి రావడానికి అమెరికా పాస్‌పోర్టు కూడా ఇవ్వలేదు. 1928లో ఆత్మహత్య చేసుకున్నాడు. భారతీయులు మళ్లీ పౌరసత్వం అడగగలిగింది 1946 చట్టం తర్వాతే.

జనగణన ఫారం సంగతి ఇంకా విచిత్రం. 1920, 1930, 1940 లెక్కల్లో "హిందూ" ఒక జాతి. సిక్కు రైతు కూడా హిందూ జాతే, ముస్లిం కూలీ కూడా హిందూ జాతే. 1970 వచ్చేసరికి భారతీయులను తెల్లవాళ్లలో కలిపారు. 1980లో "ఏషియన్ ఇండియన్" అన్న గడి వచ్చింది, అదీ ఇక్కడి భారతీయ సంఘాలు పట్టుబట్టి అడిగితే. ఒకే మనిషి అరవై ఏళ్లలో మూడు జాతులు తిరిగి వచ్చాడు. మీ క్లోమం ఏ గడిని చదువుతోందో మీరే చెప్పండి.

కృష్ణాతీరం

చదవడానికి బాగుంది. కానీ తూకం వేసేవాడు మోసం చేశాడని సరుకే లేదంటామా? కోర్టులు తెలివితక్కువగా గీతలు గీశాయి, ఒప్పుకుంటాను. గీతకు అవతలి తేడా అబద్ధమని దాంతో తేలదు. 2002లో ప్రపంచంలోని 52 జనసమూహాల నుంచి వెయ్యి మందికి పైగా నమూనాలు తీసుకుని, ఎవరు ఎక్కడివాళ్లో చెప్పకుండా కంప్యూటర్‌కు ఇచ్చారు. ఐదు గుంపులు చేయమంటే దాదాపు ఖండాల వారీగా వచ్చాయి. దీనికి ఏమంటారు?

మత్తుడాక్టరు

నేను ఆపరేషన్ థియేటర్‌లో మత్తు ఇచ్చే డాక్టరును. సోషియాలజీ నా సబ్జెక్టు కాదు కానీ మీరు చెప్పిన అధ్యయనం తెలుసు.

ఐదు గుంపులు చేయమన్నారు కనుక ఐదు వచ్చాయి. ఆరు చేయమంటే ఆరోది ఏ కొత్త ఖండమో కాలేదు, పాకిస్తాన్ కొండల్లో ఉండే కలాష్ అనే చిన్న తెగ విడిపోయింది. కలాష్‌లు ఒక మహాజాతి అని ఎవరూ అనరు. ఇంకో ముక్క మీరు వదిలేశారు. ఆ ఐదు గుంపుల్లో పాకిస్తాన్ నమూనాలు చాలావరకు యూరప్, పశ్చిమాసియాలతో కలిసి పడ్డాయి. అమెరికా ఫారం మాత్రం మనల్ని చైనా, జపాన్, ఫిలిప్పీన్స్ వాళ్లతో ఒకే 'ఏషియన్' జాతి కింద కూర్చోబెడుతోంది. కంప్యూటర్ మాట నమ్ముతారా, ఫారం మాట నమ్ముతారా? రెండూ ఒకటే అనడం మాత్రం కుదరదు.

మనుషుల జన్యు వైవిధ్యంలో సుమారు 85 శాతం ఏ ఒక్క జనసమూహం లోపలైనా కనిపిస్తుందని 1972లో లెవోంటిన్ అనే జన్యుశాస్త్రవేత్త లెక్కగట్టాడు. అంత మాత్రాన మనిషి పూర్వీకులు ఎక్కడివాళ్లో చెప్పలేమని కాదు. చాలా జన్యు గుర్తులను కలిపి చూస్తే చెప్పవచ్చని 2003లో ఎడ్వర్డ్స్ అనే ఇంకో శాస్త్రవేత్త ఎత్తి చూపాడు, అదీ నిజమే. పూర్వీకుల ఊరు ఒంట్లో ఉంటుంది. నాలుగైదు గడులుగా కోసిన కోత మాత్రం మనది.

ఆ కోతతో వైద్యంలో ఎంత నష్టం జరిగిందో చెబుతాను. రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం ఎంతుందో చూసి కిడ్నీ పనితీరు లెక్కగట్టే సూత్రంలో రోగి నల్లజాతివాడైతే ఫలితాన్ని పెంచి చూపే గుణకం ఒకటి ఉండేది. కిడ్నీ నిజంగా ఉన్నదానికన్నా బాగున్నట్టు కాగితం మీద కనిపించేది, మార్పిడి జాబితాలో పేరు ఎక్కడం ఆలస్యమయ్యేది. 2021లో అమెరికా కిడ్నీ వైద్య సంఘాలు దాన్ని తీసేయమన్నాయి. తల్లి తెల్ల, తండ్రి నల్ల అయితే ఏ గుణకం వేయాలని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు.

సికిల్‌సెల్ అనే రక్త జబ్బు సంగతి చూడండి. నల్లజాతి జబ్బని అమెరికాలో పేరు పడింది. దాని గీత మలేరియా ఉన్న ప్రాంతాల వెంట పోతుంది. గ్రీసులో ఉంది, మన మన్యంలో ఉంది, దక్షిణాఫ్రికాలోని చాలా నల్ల తెగల్లో అరుదు. దాని నిర్మూలనకు 2023లో కేంద్రం మొదలు పెట్టిన కార్యక్రమం గిరిజన ప్రాంతాల మీదే నడుస్తోంది.

నిలదీత

అంతా సామాజిక నిర్మితే అయితే ఇక వివక్ష లెక్కలు ఎందుకు, రిజర్వేషన్లు ఎందుకు? లేని జాతి పేరు మీద ఉన్న డబ్బు పంచుతున్నారా? నాకు ఈ వాదన రెండు నాలుకలది అనిపిస్తుంది. నష్టం చెప్పేటప్పుడు జాతి ఉంది, తేడా చెప్పేటప్పుడు లేదు.

డర్బన్ వీధి

నిలదీత గారూ, కొంతకాలం దక్షిణాఫ్రికాలో ఉద్యోగం చేశాను, అక్కడి మాట చెబుతాను. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ చెరకు తోటలకు కూలీలతో డర్బన్ చేరింది. మధ్యలో కొన్నేళ్లు ఆగినా, తర్వాత యాభై ఏళ్లు ఓడలు వచ్చాయి. వాటిలో తెలుగువాళ్లూ వెళ్లారు. ఓడ ఎక్కేటప్పుడు ఒక ఊరివాళ్లు, ఒక కులంవాళ్లు, తెలుగో అరవమో మాట్లాడేవాళ్లు. దిగాక అందరూ "ఇండియన్లు". గుజరాతీ వర్తకుడు కూడా, తనకు ఇష్టం లేకపోయినా, అదే మాటలోకి వచ్చాడు.

1950లో ప్రభుత్వం ప్రతి మనిషికీ జాతి రాసి పట్టికలో ఎక్కించే చట్టం చేసింది. అనుమానం వస్తే జుట్టులో పెన్సిలు పెట్టి చూసేవాళ్లు. జారి పడితే ఒక జాతి, చిక్కుకుంటే ఇంకో జాతి. ఒకే ఇంట్లో అన్నదమ్ములు వేరు జాతులయ్యారు. వ్యాపారం అవసరమైనప్పుడు జపాన్‌వాళ్లను గౌరవ శ్వేతజాతీయులుగా చూశారు, అక్కడే స్థిరపడ్డ చైనావాళ్లకు ఆ మర్యాద దక్కలేదు. ఏ ఊళ్లో ఇల్లు కట్టుకోవాలి, ఏ బడికి పిల్లల్ని పంపాలి, ఎవర్ని పెళ్లాడవచ్చు, అన్నీ ఆ గడి నుంచే.

1991లో ఆ చట్టం పోయింది. గడులు పోలేదు. నష్టపోయినవాళ్లకు ఉద్యోగాల్లో న్యాయం చేయాలంటే ఎవరు నష్టపోయారో తెలియాలి కనుక అవే గడులు ఉంచారు. 2008లో ప్రిటోరియా హైకోర్టు అక్కడి చైనా సంతతివాళ్లు ఆ చట్టాల వరకు "నల్లజాతివాళ్లే" అని ప్రకటించింది. అది వినడానికి నవ్వులాటగా ఉంటుంది. కానీ వర్ణవివక్ష కాలంలో వాళ్లూ తెల్లవాళ్ల హక్కులకు దూరంగానే ఉన్నారు. నిర్మితి అంటే ఊహ అని కాదండీ. జైలు గోడ కూడా మనుషులు కట్టిందే, తల కొట్టుకుంటే పగులుతుంది.

ఉట్నూరు గాలి

అంత దూరం ఎందుకు? లంబాడాలు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఎస్టీ. సరిహద్దు దాటి కర్ణాటకలో అడుగు పెడితే ఎస్సీ. మహారాష్ట్రలో విముక్త జాతుల జాబితా. ఒకే భాష, ఒకే తీజ్ పండుగ, అటూ ఇటూ చుట్టరికాలు. తెలంగాణ ప్రాంతంలో 1976 దాకా వాళ్లు ఎస్టీ జాబితాలో లేరు, ఆంధ్ర ప్రాంతంలో ఉన్నారు.

ఇది చదివి లంబాడాలకు హక్కు లేదని ఎవరూ అనుకోవద్దు, వాళ్ల వెనుకబాటు కళ్లెదుట ఉంది. జాబితాలో చేరినవాళ్లు పెరిగితే తమ వాటా తగ్గిందని గోండులు, కోయలు అంటున్న మాటా కళ్లెదుటే ఉంది. 2017 చివర్లో మా వైపు ఆ గొడవ ఎంత ముదిరిందో ఇంకా మర్చిపోలేదు. కాగితం మీద గడిని మనుషులే గీశారని రెండు పక్షాలకూ తెలుసు. అందుకే ఇంత పోరాటం, దేవుడు గీసి ఉంటే ఎవరూ కోర్టుకు వెళ్లరు.

నిలదీత

అయితే కులమూ జాతీ ఒకటేనా? సూటిగా చెప్పండి.

చిత్తుకాగితం

కాదనే అంబేడ్కర్ 1936లోనే రాశారు. పంజాబు బ్రాహ్మణుడు, పంజాబు చమార్ ఒకే మూలంవాళ్లని, కులం రక్తాల్ని వేరు చేయడానికి పుట్టింది కాదని ఆయన వాదన. అంతకు ముందు రిజ్లీ అనే ఆంగ్ల అధికారి ముక్కుల వెడల్పు కొలిచి కులాలకు జాతి అంతస్తులు కట్టాడు. 2001లో డర్బన్‌లో ఐక్యరాజ్యసమితి జాతివివక్ష సదస్సు జరిగినప్పుడు కులాన్ని చర్చలో పెట్టాలని దళిత సంఘాలు అడిగాయి. కులం జాతి కాదని భారత ప్రభుత్వం అడ్డుకుంది. ఒకే వాక్యం, అంబేడ్కర్ నోట కులాన్ని కూలదోయడానికి, ప్రభుత్వం నోట దాన్ని గుమ్మం బయట ఆపడానికి.

థిండ్ గురించి ఇందాక ఒకటి చెప్పలేదు. తాను తెల్లవాడినని నిరూపించుకోవడానికి ఆయన తరఫు వాదన ఏమిటంటే, పెళ్లి సంబంధాల విషయంలో అమెరికన్ నల్లవాళ్లను ఎలా చూస్తాడో అగ్రకుల హిందువు భారతదేశపు ఆదిమవాసులను అలాగే చూస్తాడని. అవతలి గడిలోకి దూరడానికి ఇంటి నుంచి తెచ్చిన అర్హత అది. అమెరికాలో మనవాళ్ల కథ చెప్పేటప్పుడు ఈ పేజీ ఎవరూ తిప్పరు.

కృష్ణాతీరం

రంగు గడులు పచ్చి అబద్ధమని డాక్టరు గారు నన్ను దాదాపు ఒప్పించారు. బీఎంఐ గీత కూడా ఆసియా మొత్తానికి గీసిన మొరటు గీతే, అందులో జపాన్ మనిషీ నేనూ ఒకటి కాదు. కానీ "జీవశాస్త్రం కాదు" అన్న ముక్క మీద నా అభ్యంతరం అలాగే ఉంది. వందల ఏళ్లు ఒకే కులంలో పెళ్లిళ్లు చేసుకుంటే ఒంట్లో ఏమీ మారదా?

మత్తుడాక్టరు

మారుతుంది, అది నేను థియేటర్‌లో చూసేదే. గొంతులో గొట్టం వేయడానికి ముందు కండరాలు వదులు చేయడానికి సక్సినైల్‌కోలిన్ అనే ఇంజెక్షన్ ఇస్తాం. మామూలుగా ఐదు పది నిమిషాల్లో దాని ప్రభావం పోతుంది, ఎందుకంటే బుటైరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము దాన్ని విరిచేస్తుంది. ఆ ఎంజైము లోపం ఉంటే రోగి గంటల తరబడి ఊపిరి తీసుకోలేడు, వెంటిలేటర్ మీద ఉంచి కాపాడుకోవాలి. ఈ లోపం వైశ్యుల్లో మిగతావాళ్లకన్నా చాలా ఎక్కువ. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న 2009 నాటి అధ్యయనం కారణం చూపించింది. ఎన్నో తరాల కిందట కొద్దిమంది నుంచి పెరిగిన సమూహం, ఆ తర్వాత బయటి సంబంధాలు దాదాపు లేవు.

పెళ్లి నియమం పెట్టింది సమాజం, ఫలితం ఎంజైములో తేలింది. మీ అబ్బాయి పాఠంలో ఈ ఉదాహరణ లేకపోవడం లోటే. అయితే ఇది మీ వైపు వాదన కాదు, పాఠం వైపు వాదన. నియమం మారితే కొన్ని తరాల్లో ఆ లోపం పలచబడుతుంది.

కృష్ణాతీరం

అంటే ఆసుపత్రి ఫారంలో కులం అడగాలంటారా?

మత్తుడాక్టరు

అడగను. పేరు చూసి ఊహించినా తప్పుతుంది, కులాంతర వివాహాల పిల్లల్లో ఇంకా తప్పుతుంది. "మీకు గానీ, మీ రక్త సంబంధీకుల్లో ఎవరికైనా గానీ ఆపరేషన్ తర్వాత మెలకువ రావడం, ఊపిరి తీసుకోవడం ఆలస్యమైందా?" అని ప్రతి రోగినీ అడుగుతాను. అవునంటే ఎంజైము పరీక్షకు రక్తం పంపుతాను. అత్యవసరమై పరీక్షకు సమయం లేకపోతే ఆ ఇంజెక్షన్ మాని రోక్యురోనియం అనే వేరే మందు వాడతాను.