సీఎండీబీలో క్లౌడ్ క్యూలకి సొంత క్లాస్ పెడితే రోజూ డూప్లికేట్లే

పాలకొండ రోడ్డు, శ్రీకాకుళం

పలాస జీడిపప్పు ఆర్డర్ల యాప్ ఒకటి మా టీమ్ చూస్తోంది. అంతా అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లోనే. రెండు అకౌంట్లు, ముంబై, హైదరాబాద్ రీజియన్లు. మా సర్వీస్‌నౌ సాఫ్ట్‌వేర్‌లోని సీఎండీబీలో (ఐటీ వస్తువులన్నిటి రిజిస్టరు) ఎస్‌క్యూఎస్ క్యూలకి (ఏడబ్ల్యూఎస్‌లో మెసేజీలు వరసలో ఆగే చోటు) సరిపడే క్లాస్, అంటే ఆ రకం వస్తువుల టేబుల్, కనబడలేదు. అందుకని కాన్ఫిగరేషన్ ఐటమ్ (సీఐ, అంటే అందులో నమోదయ్యే వస్తువు) కింద నేరుగా ఒక క్లాస్ చేసి ఏఆర్ఎన్ (ఏడబ్ల్యూఎస్ ఒక్కో వస్తువుకి ఇచ్చే పూర్తి గుర్తింపు పేరు), ఎన్‌క్రిప్షన్ కీ, రిటెన్షన్ (మెసేజీ ఎన్నాళ్లు ఉంచాలి), క్యూలో ఉన్న మెసేజీల సంఖ్య అని నాలుగు ఫీల్డులు చేర్చాం. రాత్రి 2 గంటలకి పైథాన్ స్క్రిప్టు టేబుల్ ఏపీఐతో (టేబుల్‌లోకి నేరుగా రాసే దారి) రాస్తుంది. ఉన్న క్యూలు 140. మూడు రాత్రులకి రికార్డులు 420. ఏఆర్ఎన్ మీద యూనిక్ ఇండెక్స్ పెడితే చాలా, మొత్తం పీకి మళ్లీ చెయ్యాలా?

కోట జంక్షన్, విజయనగరం

పీకెయ్యండి. మూడు రాత్రులే కాబట్టి ఇప్పుడే సులువు.

టేబుల్ ఏపీఐకి పోస్ట్ చేస్తే, వచ్చింది పాత రికార్డో కొత్తదో తేల్చే ఐడెంటిఫికేషన్ ఇంజిన్ ఐఆర్ఈ అసలు మధ్యలోకి రాదు. పంపిన ప్రతిదీ కొత్త రికార్డే. యూనిక్ ఇండెక్స్ పెడితే డూప్లికేట్ ఆగుతుంది గానీ రెండో రాత్రి నుంచి ఇన్సర్టులన్నీ ఎర్రరే, అప్‌డేట్ ఒక్కటీ పడదు.

ముందు సర్వీస్‌నౌ స్టోర్‌లో సీఎండీబీ సీఐ క్లాస్ మోడల్స్ యాప్ కొత్త వెర్షన్ వేసి చూడండి. మీకు కావలసిన క్లాస్ అందులో ఉంటే సొంతది చెయ్యక్కర్లేదు. లేకపోతేనే సీఐ క్లాస్ మేనేజర్‌లోకి వెళ్లి, వర్చువల్ మెషీన్ ఆబ్జెక్ట్ కింద కొత్త క్లాస్ తెరవండి. పేరు చూసి మనకెందుకనుకోకండి, క్లౌడ్ వస్తువులకి అదే తల్లి టేబుల్. ఆబ్జెక్ట్ ఐడీ ఫీల్డు అక్కడి నుంచే వస్తుంది, ఏఆర్ఎన్‌కి వేరే ఫీల్డు దండగ.

ఐడెంటిఫికేషన్ రూల్ డిపెండెంట్‌గా, అంటే ఇంకో సీఐ ఆధారంగా గుర్తుపట్టేలా పెట్టండి. గుర్తు ఆబ్జెక్ట్ ఐడీ. ఆధారం లాజికల్ డేటాసెంటర్, అంటే రీజియన్. దానికి ఆధారం క్లౌడ్ సర్వీస్ అకౌంట్. విజయనగరంలో నడిరోడ్డు మీద ‘పైడిరాజూ’ అని పిలిస్తే ఎంతమంది తిరుగుతారో తెలిసిందే కదా. అదే పేరుతో క్యూ రెండు రీజియన్లలోనూ ఉండొచ్చు. ఊరు, ఇంటిపేరు కలిపితేనే మనిషి దొరుకుతాడు.

మెసేజీల సంఖ్య ఫీల్డు తీసెయ్యండి. అది నిమిషానికోలా మారుతుంది, మానిటరింగ్ చూసుకోవలసిన పని. రిటెన్షన్, విజిబిలిటీ టైమవుట్ (ఒకరు తీసిన మెసేజీ మిగతావాళ్లకి కనబడని సమయం), ఫిఫోనా (వచ్చిన వరసలోనే ఇచ్చే క్యూ) కాదా, కీ, ఇవి చాలు. డెడ్ లెటర్ క్యూని (ప్రాసెస్ కాని మెసేజీలు వెళ్లే క్యూ) మాత్రం టెక్స్ట్ ఫీల్డులో రాయకండి, సీఐల మధ్య సంబంధంగా పెట్టండి. లేకపోతే ఏది ఆగితే ఏది దెబ్బతింటుందో చూపే ఇంపాక్ట్ మ్యాప్‌లో కనబడదు.

బొబ్బిలి

ఏఆర్ఎన్ బదులు క్యూ యూఆర్ఎల్ పెట్టొచ్చు కదా? స్క్రిప్టులో క్యూల జాబితా అడిగే లిస్ట్ క్యూస్ కాల్ ఇచ్చేది అదే. ఏఆర్ఎన్ కావాలంటే ఒక్కో క్యూకి ఇంకో కాల్ కొట్టాలి.

కోట జంక్షన్, విజయనగరం

వద్దండి. పాత లైబ్రరీల్లో యూఆర్ఎల్ వేరే హోస్ట్ పేరుతో వస్తుంది, కొత్తవాటిలో ఇంకోలా. లైబ్రరీ అప్‌గ్రేడ్ చేసిన రాత్రి 140 కాస్తా 280. ఆ ఒక్క కాల్ ఖర్చు భరించండి, మిగతా ఫీల్డులకి ఎలాగూ కొట్టాలిగా.

ఏఆర్ఎన్‌తో ఒక మెలిక ఉంది. క్యూని తీసేసి అదే పేరుతో మళ్లీ చేస్తే ఏఆర్ఎన్ కూడా అదే. సీఎండీబీకి అది పాత క్యూనే. క్యూల విషయంలో నాకది నష్టంగా అనిపించదు. రేపు ఫైళ్లు దాచే ఎస్3 బకెట్లకీ ఇదే పద్ధతి పెడదామనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి: వాటి ఏఆర్ఎన్‌లో రీజియన్ గానీ అకౌంట్ నంబరు గానీ ఉండదు. ఆధారమైన రీజియన్, అకౌంట్ ఏవో ఏఆర్ఎన్ విడగొట్టి తెలుసుకోవడం కుదరదు, బకెట్ రీజియన్ వేరేగా అడగాలి.

పాలకొండ రోడ్డు, శ్రీకాకుళం

కొత్త క్లాస్ చేశాను, స్క్రిప్టుని ఐఆర్ఈ ద్వారా రాసే ఐడెంటిఫై రికన్సైల్ ఏపీఐకి మార్చాను. ఇప్పుడు మిస్సింగ్ డిపెండెన్సీ అని ప్రతి క్యూకీ ఎర్రర్. పేలోడ్‌లో (పంపే డేటా) క్యూ, డేటాసెంటర్ రెండూ పంపుతున్నా. ఏటి తప్పు?

ఆమదాలవలస

రెండు చోట్ల చూడండి. ఒకటి, అకౌంట్ కూడా పేలోడ్‌లో ఉండాలి. డేటాసెంటర్‌ది కూడా డిపెండెంట్ రూలే, అకౌంట్ లేకుండా దాన్నీ గుర్తుపట్టదు. అంటే ఐటమ్స్ మూడు: 0 క్యూ, 1 డేటాసెంటర్, 2 అకౌంట్. సంబంధాలు రెండు: 0 నుంచి 1కి, 1 నుంచి 2కి, రెండూ హోస్టెడ్ ఆన్.

రెండోది దిక్కు. హోస్టెడ్ ఆన్‌లో పేరెంట్ క్యూ, చైల్డ్ డేటాసెంటర్. డేటాసెంటర్ పెద్దది కదా అని అందరూ దాన్నే పేరెంట్ చేస్తారు, ఈ ఎర్రర్ ఎక్కువగా అక్కడే పుడుతుంది.

మీ స్క్రిప్టుకి పెట్టే డేటా సోర్స్ పేరు డిస్కవరీ సోర్స్ చాయిస్‌లలో ముందే చేర్చండి. 140 ఒకేసారి వదలకుండా ఒక్క పేలోడ్‌ని ఐడెంటిఫికేషన్ సిమ్యులేషన్‌లో వేసి చూడండి. అందులో ఏ రూల్ ఎక్కడ ఆగిందో వరసగా కనబడుతుంది.

పాత 420 సంగతి: వాటి మీద ఇన్సిడెంట్లు, చేంజ్‌లు లేకపోతే తుడిచెయ్యండి. ఉంటే ఒక్కో క్యూకి టికెట్ ఉన్న రికార్డు ఒకటి ఉంచి, దాని క్లాస్ మార్చండి. సిస్ ఐడీ (రికార్డు లోపలి గుర్తు) మారదు కాబట్టి టికెట్లు తెగవు. కానీ పాత క్లాస్‌కి మాత్రమే ఉన్న ఫీల్డులు పోతాయి. ఏఆర్ఎన్‌లు ముందే ఎక్సెల్‌లోకి దించుకుని, మార్చాక ఆబ్జెక్ట్ ఐడీలో నింపాలి. ఇది మర్చిపోతే రాత్రి స్క్రిప్టు వాటిని గుర్తుపట్టక ఇంకో 140 పుట్టిస్తుంది.

పాలకొండ రోడ్డు, శ్రీకాకుళం

దిక్కే తప్పు, అకౌంటూ లేదు. రెండూ సరిచేస్తే 140 పడ్డాయి, మళ్లీ నడిపినా 140 మీదే ఉంది. ఏడబ్ల్యూఎస్‌లో తీసేసిన క్యూలని ఇక్కడ రిటైర్డ్ ఎలా చెయ్యాలి?

ఆమదాలవలస

ఐఆర్ఈ తనంతట తాను చెయ్యదు. కనబడిన ప్రతిసారీ మోస్ట్ రీసెంట్ డిస్కవరీ తేదీ మారుతుంది, మీ డేటా సోర్స్ ఉన్న రికార్డుల్లో ఆ తేదీ 3 రోజులు దాటినవాటిని రిటైర్డ్ చేసే షెడ్యూల్డ్ జాబ్ రాసుకోండి. ఒక్క రాత్రికే చేస్తే, ఏదో ఒక అకౌంట్‌లో పర్మిషన్ పోయిన నాడు దాని క్యూలన్నీ రిటైర్ అయి కూర్చుంటాయి. లిస్ట్ క్యూస్‌కి మ్యాక్స్ రిజల్ట్స్ (ఒక పేజీకి ఎన్ని) ఇవ్వకపోతే 1000 దగ్గర ఆగిపోయి, తర్వాతి పేజీ టోకెన్ కూడా ఇవ్వదు. మీకు 140 కాబట్టి ఇప్పుడు తెలియదు, స్క్రిప్టులో మాత్రం ఇప్పుడే రాసెయ్యండి.