కుట్టుమిషన్ లైటులో ఎల్ఈడీ స్ట్రిప్ ఊడిపోతోంది, ఏం చేయాలి?

బ్లౌజుల ఇల్లు, తెనాలి:
అందరికీ నమస్కారం. మా అమ్మ బ్లౌజులు కుడుతుంది. రాత్రిపూట నల్ల బ్లౌజుకి నల్ల దారంతో హెమ్మింగ్ చేసేటప్పుడు కుట్టు కనపడక బట్టని కళ్ల దగ్గరికి తెచ్చుకుంటోంది. అది చూడలేక మిషన్ పైన వేలాడేలా నేనే ఒక లైటు చేశాను. రెండడుగుల ప్లైవుడ్ పెట్టె. లోపల 12 వోల్టుల స్ట్రిప్, 60 సెంటీమీటర్ల ముక్కలు నాలుగు. కింద పాలరంగు యాక్రిలిక్ షీటు. రీలు మీద మీటరుకి 12 వాట్లని రాసుంది. ఇంటి కరెంటుని 12 వోల్టులకి మార్చే 5 ఆంపియర్ల ఎస్ఎంపీఎస్‌ని కూడా ఆ పెట్టెలోనే బిగించాను.

నెల తిరక్కుండానే మధ్య ముక్క ఊడి యాక్రిలిక్ మీద పడింది. గ్లూ గన్‌తో అంటిస్తే రెండో రోజుకే ఆ జిగురు మెత్తబడి జారిపోయింది. ఇప్పుడు పక్క ముక్కలో వరసగా మూడు బల్బులు ఆరిపోయాయి. స్ట్రిప్‌ని ముట్టుకుంటే చురుక్కుమంటోంది. పెట్టె బయట మాత్రం కాస్త వెచ్చగానే ఉంది. దసరా ఆర్డర్లు మొదలైతే అమ్మ రాత్రి పదకొండు దాకా కూర్చుంటుంది, అందుకే టెన్షన్‌గా ఉంది. ఇంతకంటే గట్టి జిగురు ఏదైనా ఉందా?

సీలింగ్ పని, గుంటూరు:
తమ్ముడూ, ఊడిపోవడం, ఆరిపోవడం రెండూ ఒకే జబ్బు. నీ లెక్కే చూడు: 2.4 మీటర్లు, మీటరుకి 12 వాట్లు, అంటే దాదాపు 29 వాట్లు. అందులో సగానికి పైగా వేడిగానే పోతుంది. ఆ వేడి బల్బు ముందు నుంచి కాదు, వెనక రాగి పట్టీ గుండా బయటికి రావాలి. వెనక నువ్వు పెట్టింది చెక్క. చెక్క వేడిని లాగదు. పెట్టె బయట వెచ్చగానే ఉండి లోపల కాలుతోందంటే కారణం అదే.

మూడు బల్బులు ఒకేసారి ఎందుకు పోయాయంటే, 12 వోల్టుల స్ట్రిప్‌లో ఒక కట్ గీతకీ ఇంకో గీతకీ మధ్య మామూలుగా మూడేసి బల్బులు సిరీస్‌లో ఉంటాయి. ఒకటి తెగితే మిగతా రెండూ ఆరిపోతాయి. ఆ గీతల దగ్గర కత్తిరించి కొత్త ముక్క సోల్డర్ చేసుకో, రీలు మొత్తం పారేయక్కర్లేదు.

కిటికీలు చేసే అల్యూమినియం షాపుకి వెళ్లి తుక్కు ముక్కలు అడుగు. ఫ్లాట్ పట్టీ అయినా, యూ ఛానల్ అయినా సరే, 60 సెంటీమీటర్లవి నాలుగు. వాటిని ప్లైవుడ్‌కి స్క్రూలతో బిగించు. పట్టీకీ చెక్కకీ మధ్య వాషర్లు వేసి కాస్త సందు వదులు. పెట్టె పైభాగంలో, రెండు పక్కలా వేలు పట్టేంత కంతలు పెడితే వేడిగాలి పైకి పోతుంది. ఎస్ఎంపీఎస్‌ని ఇవాళే బయటికి తీసెయ్. అది కూడా వేడి పుట్టించేదే, పైగా దానికీ గాలి ఆడాలి.

ఇక అంటించడం. ఊడిన ముక్క వెనక చూడు, జిగురుకి సన్నటి రంపపు పొట్టు అంటుకుని ఉంటుంది. చెక్క మీద అంటించినవన్నీ దాదాపు ఇలాగే ఊడతాయి. అల్యూమినియాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు, ఆరాక వేలితో ముట్టుకోకు. స్ట్రిప్ వెనకుండే జిగురు టేపు మీది కాగితం కొంచెం కొంచెంగా లాగుతూ బొటనవేలితో నొక్కుకుంటూ పో. బల్బు మీద నొక్కకు, బల్బుల మధ్య నొక్కు. ఆ రాత్రంతా లైటు వెయ్యకుండా వదిలెయ్. జానెడు దూరానికో ప్లాస్టిక్ క్లిప్ కూడా వేస్తే, తలకిందులుగా వేలాడే స్ట్రిప్‌కి జిగురు ఒక్కదాని మీదే భారం పడదు.

ఒక్కటి మాత్రం మర్చిపోకు. కత్తిరించిన కొసల్లో రాగి బయటపడి ఉంటుంది, అది అల్యూమినియానికి తగిలితే షార్టే. కొసల కింద కాప్టన్ టేపు (వేడిని తట్టుకునే ఇన్సులేషన్ టేపు) వెయ్యి.

పాత సోల్డరింగ్ ఐరన్:
పై అన్న చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. ఎవరైనా సిలికాన్ సీలెంట్ వెయ్యమంటే, వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు. ఆరేటప్పుడు అందులోంచి వచ్చే ఆమ్లం రాగిని తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసున్నది తీసుకోండి. సూపర్ గ్లూ కూడా వద్దు, దాని ఆవిరి బల్బుల మీద తెల్లటి పొరలా పడుతుంది.

హాస్టల్ గది:
నా పుస్తకాల అరలో రెండేళ్లుగా చెక్క మీదే అంటించి ఉంది, ఏమీ కాలేదే?

సీలింగ్ పని, గుంటూరు:
నీది మీటరుకి 5 వాట్ల లోపుది అయ్యుంటుంది, అరకి ముందు వైపు తెరిచి కూడా ఉంటుంది. దానికి చెక్క చాలు. వీళ్లది మూసిన పెట్టెలో 29 వాట్లు.

బ్లౌజుల ఇల్లు, తెనాలి:
అన్నా, మీరన్నట్టే మధ్య ముక్క వెనకంతా పొట్టే! ఆదివారం పట్టీలు తెచ్చి బిగించాను. ఎస్ఎంపీఎస్ గోడకి వెళ్లింది. నాలుగు ముక్కల్నీ ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంచాను కదా, చివరి ముక్క కొంచెం మసకగా అనిపించేది. ఈసారి ఒక్కోదానికీ విడిగా వైరు లాగాను, ఇప్పుడు నాలుగూ ఒకేలా వెలుగుతున్నాయి. రెండు గంటలు వేసి ఉంచాక పట్టీ మీద వేలు పెట్టి పది లెక్కపెట్టగలిగాను.

నిన్న రాత్రి అమ్మ నల్ల బ్లౌజు ఒళ్లో పెట్టుకునే హెమ్మింగ్ చేసింది, కళ్ల దగ్గరికి ఎత్తలేదు. కాకపోతే సూది కుడిచేత్తో పడుతుంది కాబట్టి ఆ చేతి నీడ కుట్టు మీద పడుతోందంటోంది. పెట్టెని జానెడు ఎడమకి జరపడానికి కొత్త హుక్కు కొట్టాలి.