స్నేహం చేసి పట్టించడం డ్యూటీయా, ద్రోహమా?

బాగేపల్లివాడు:
బెంగళూరులో ఉంటున్న మన తెలుగువాళ్లను, ముఖ్యంగా పోలీసు కుటుంబాల వాళ్లను అడుగుతున్నాను. డ్రగ్స్ అమ్మేవాళ్ల మధ్య మఫ్టీలో తిరిగి, నెలల తరబడి స్నేహం చేసి, చివరికి పట్టించే పని ఉంది కదా, అది చేసినవాడి మనసు ఏమవుతుందో ఎవరైనా ఆలోచించారా?

మా బావ కానిస్టేబుల్. గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను. తెలుగు, కన్నడ రెండూ గడగడా మాట్లాడతాడు కాబట్టే ఆ పనికి ఎంచుకున్నారు. కమ్మనహళ్లి వైపు బండి మీద సరుకు చేరవేసే ఒక కుర్రాడితో ఐదు నెలలు తిరిగాడు. అనంతపురం వైపు నుంచి వచ్చినవాడు, 22 ఏళ్లు. బావకు వేరే పేరు, వేరే సిమ్, వేరే ఊరు. ఆ కుర్రాడి తల్లి ఇంటికి పిలిచి సంకటి, ఊరిబిండి పెట్టింది. ఒక రాత్రి వాళ్ల చెల్లెలికి జ్వరం ముదిరితే ఆటో దొరక్క బావే బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అది నటనా, నిజమా అని అడిగితే ఇప్పటికీ జవాబు చెప్పలేడు.

పట్టుకున్న రోజు అనుమానం రాకుండా బావను కూడా పట్టుకున్నట్టే చేశారు. పక్కపక్కన కూర్చోబెట్టారు. మహజరు, అంటే పంచనామా రాస్తుంటే ఆ కుర్రాడు గొంతు తగ్గించి, "అన్నా, నా వల్ల నువ్వు కూడా ఇరుక్కున్నావు, నీకేం తెలీదని నేను చెప్తాలే" అన్నాడట.

ఈ మాట బావ మా అక్కకు చెప్పడానికి రెండేళ్లు పట్టింది. ఈలోపు మంచం మీద పడుకోవడం మానేశాడు, హాల్లో తలుపు దగ్గర పడుకుంటాడు. కొత్తవాళ్లు ఆప్యాయంగా మాట్లాడితే లేచి వెళ్లిపోతాడు. కొడుకు స్నేహితులు ఇంటికొస్తే వాళ్ల జేబుల వైపే చూస్తాడని అక్క ఏడుస్తుంది. పైనుంచి రివార్డు వచ్చింది, మెచ్చుకోలు వచ్చింది. ఎలా ఉన్నావయ్యా అని అడిగినవాడు లేడు. బావ చేసింది తప్పు అనను, కానీ ద్రోహం కాదు అని కూడా నోరు రావడం లేదు.

హొరమావు అమ్మ:
బాబూ, మీ బావగారికి దండం పెడతాను, కానీ ద్రోహం అనే మాట మాత్రం ఒప్పుకోను. మా అబ్బాయి ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఎండీఎంఏ అనే మత్తుమందుకు అలవాటు పడ్డాడు. మొదటిసారి డబ్బులు తీసుకోకుండా ఇచ్చినవాణ్ణి వీడు కూడా అన్నా అనే పిలిచేవాడు. వాడూ మా ఇంటికి వచ్చాడు, నా చేతి పులిహోర తిన్నాడు. వాడి స్నేహం మాత్రం నిజమా? ఇంట్లో సామాన్లు ఒక్కొక్కటే మాయమవుతుంటే నేను పనిమనిషిని అనుమానించాను, ఆ పాపం ఇప్పటికీ నన్ను పీకుతోంది. ఇలాంటివాళ్లను అబద్ధం చెప్పి పట్టుకుంటే ఏమైంది? నిజం చెప్పి అడిగితే దొరుకుతారా?

మడకశిర వకీలు:
ఎన్‌డీపీఎస్, అంటే మత్తుమందుల చట్టం కింద కేసులు చూస్తుంటాను కాబట్టి ఒక సంగతి చెప్పాలి. స్నేహం గురించి మాట్లాడుతున్నారు గానీ, నన్ను కలవరపెట్టేది తూకం. 1985 చట్టంలో శిక్ష అంతా బరువు మీద ఆధారపడి ఉంటుంది. ఎండీఎంఏ అయితే అర గ్రాము వరకు చిన్న పరిమాణం, 10 గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం. గంజాయికి అవే లెక్కలు కిలో, 20 కిలోలు. వాణిజ్య పరిమాణం కింద పడితే కనీసం 10 ఏళ్ల జైలు, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా. పైగా సెక్షన్ 37 ఉంది, నిందితుడు నేరం చేయలేదని నమ్మే కారణాలు ఉన్నాయని కోర్టుకు అనిపిస్తే తప్ప బెయిల్ రాదు.

ఇప్పుడు ఆలోచించండి. కొనేవాడి వేషంలో ఉన్నది పోలీసు. ఎంత కావాలో అడిగేదీ అతనే. ఐదు గ్రాములు తెచ్చేవాణ్ణి, ఫంక్షన్ ఉంది, పన్నెండు పట్టుకురా అని అడిగితే ఆ కుర్రాడి బతుకులో ఎన్నేళ్లు పోతాయో ఆ ఒక్క మాటలో తేలిపోతుంది. అమ్మా, మీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఉన్న నేరాన్ని బయటపెట్టడం వేరు, పెద్ద నేరం చేయించి పట్టుకోవడం వేరు. సోదా ఎలా చేయాలో సెక్షన్ 42, 50 వివరంగా చెబుతాయి. మంచి మనసుతో చేసిన పనికి అధికారులకు సెక్షన్ 69 రక్షణ ఇస్తుంది. స్నేహం ఎంతవరకు చేయొచ్చు, ఎన్ని నెలలు చేయొచ్చు అనే ప్రశ్న మాత్రం ఆ చట్టంలో లేదు.

వైట్‌ఫీల్డ్ ఐటీ:
అసలు ఈ వేషాలు ఎందుకండీ? ఫోన్ లొకేషన్లు, యూపీఐ లెక్కలు, పార్శిళ్లు చూస్తే సరిపోదా? మనిషి మనసు చెడగొట్టే పని మెషీన్‌తో చేయించొచ్చు కదా.

బాగేపల్లివాడు:
ఐటీ తమ్ముడూ, బావను నేనూ అదే అడిగాను. నంబరు దొరుకుతుంది, ఆ నంబరు వెనక ఉన్నవాడు సరుకు ఎక్కడ దాచాడో మనిషి చెబితేనే తెలుస్తుంది అన్నాడు. సగం నిజమే అనిపించింది.

వకీలు గారూ, మీరు రాసిన తూకం సంగతి చదివాక రాత్రి నిద్ర పట్టలేదు, పొద్దున్నే బావకు ఫోన్ చేశాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఎంత అడగాలో నాకు పైనుంచి చెప్పారు, అడిగాను" అన్నాడు. అంతే అన్నాడు. ఇంకో సంగతి కూడా చెప్పాడు, వాళ్లు అనుమానించకూడదని రెండుసార్లు తనూ గంజాయి తాగాడట, ఆ మాట ఏ కాగితంలోనూ లేదు. అంటే కోర్టులో నిలబడినప్పుడు దాచాల్సింది ఇంకా మిగిలే ఉంది. నెలల తరబడి అబద్ధం బతికినవాడు ఇప్పుడు ప్రమాణం చేసి సగం నిజం చెప్పాలి. భయం కన్నా ఇదే అతన్ని తినేస్తోందని నాకు ఇప్పుడు అర్థమైంది.

బ్రిటన్‌లో నీల్ వుడ్స్ అనే పోలీసు ఆయన 14 ఏళ్లు ఇలాగే డ్రగ్స్ ముఠాల్లో తిరిగాడు. తర్వాత తనకు పీటీఎస్‌డీ, అంటే భయంకర అనుభవాల తర్వాత మనసును వదలని జబ్బు వచ్చిందని బయటికి చెప్పుకున్నాడు, ఇప్పుడు డ్రగ్స్ చట్టాలు మారాలని వాదిస్తున్నాడు. ఆయన వాదనతో మనం ఏకీభవించక్కర్లేదు. కానీ నాకు ఇలా అయింది అని పేరుతో చెప్పుకోగలిగాడు. మా బావ సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్తే సర్వీసు రికార్డులో పడుతుందని, ప్రమోషన్ ఆగిపోతుందని భయపడుతున్నాడు. మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ ఆసుపత్రి ఇదే ఊళ్లో ఉంది, మా ఇంటి నుంచి ఒక బస్సు దూరం.

అమ్మా, మీ అబ్బాయిని పాడుచేసినవాడిని వదిలేయమని నేను అనను. నేను అడిగేది ఒకటే. ఈ పనికి పంపేటప్పుడు ఇన్ని నెలలు అని గడువు పెట్టండి, తిరిగొచ్చాక పై అధికారి కాని ఒక డాక్టర్‌తో కూర్చోబెట్టండి, అతను చెప్పింది ఫైల్లోకి ఎక్కకుండా చూడండి. వెంటనే ఇంకో వేషం వేయించకండి. ఇంత చేయలేకపోతే ఆ పని చేయించే హక్కు ఎవరికీ లేదనే నా అభిప్రాయం.

మడకశిర వకీలు:
ఆ గంజాయి సంగతి ఇక్కడ రాయకుండా ఉండాల్సింది. ఇకపై కేసు గురించి ఏమీ రాయకండి, బావగారిని ముందు ఒక వకీలుతో విడిగా మాట్లాడమనండి.

హొరమావు అమ్మ:
బాబూ, నా అభిప్రాయం మారలేదు. అలాంటివాళ్లను పట్టుకోవాలి, అబద్ధం ఆడైనా పట్టుకోవాలి. కానీ సంకటి పెట్టిన ఆ తల్లి గురించి చదివాక పులిహోర గుర్తొచ్చి చాలాసేపు అలాగే కూర్చున్నాను. మావాణ్ణి నిమ్హాన్స్‌లో వ్యసనాల విభాగానికి చూపిస్తున్నాం. అక్కడ వరండాలో కూర్చున్నప్పుడు ఎవరు ఎవరో ఎవరూ అడగరు. మీ అక్కగారు ఒక్కతే ముందు వచ్చి కనుక్కోవాలనుకుంటే చెప్పండి, నేను తోడు వస్తాను. గేటు దగ్గరే ఉంటాను.