ఇంట్లో ఆర్కేడ్ యంత్రం: పాతది కొనాలా, సొంతంగా చేసుకోవాలా?

ఎర్రబంతి:

అందరికీ నమస్కారం. కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

చిన్నప్పుడు మా అన్నయ్యా నేనూ ఒకే ఆర్కేడ్ యంత్రం (నాణెం వేసి ఆడే వీడియో గేమ్ పెట్టె) ముందు భుజాలు రాసుకుంటూ ఆడేవాళ్లం. ఇప్పుడు అన్నయ్యకు రెండు బొటనవేళ్ల మొదట్లోనూ కీళ్లు అరిగిపోయాయి. మామూలు కంట్రోలర్‌లో పనంతా బొటనవేళ్లదే కాబట్టి అయిదు నిమిషాలు పట్టుకుంటే రాత్రంతా నొప్పి. కిందటి నెల ఒకచోట పెద్ద జాయ్‌స్టిక్ ఉన్న యంత్రం కనబడితే, కూర్చుని అరచేత్తో తిప్పుతూ అరగంట ఆడాడు. నొప్పి రాలేదు. అన్నయ్య అంతలా నవ్వగా చూసి చాలా కాలమైంది. అప్పటి నుంచీ నాకు ఇదే ధ్యాస.

ఒకరు పాత నిలువు యంత్రం అమ్ముతామంటున్నారు. పెద్ద గాజు పిక్చర్ ట్యూబు ఉన్నది. వెళ్లి చూశాను. బొమ్మ వస్తోంది గానీ నాలుగు వైపులా లోపలికి ముడుచుకుపోయింది, పైభాగం వంకరగా ఊగుతోంది. చిన్న మరమ్మతే అంటున్నారు. ఇది కాకుంటే దుకాణాల్లో రెడీమేడ్‌గా దొరికే, అసలు దానిలో మూడొంతుల ఎత్తు ఉండే యంత్రం, అదీ కాకుంటే సొంతంగా చేసుకోవడం. పుస్తకాల అరలు చేసిన అనుభవం ఉంది. జిగ్‌సా, డ్రిల్లు వాడగలను.

ఆడబోయేవి ప్యాక్-మ్యాన్, గలాగా, స్ట్రీట్ ఫైటర్ 2. అన్నయ్య పావుగంటకు మించి నిలబడలేడు. యంత్రం మేడ మీదికి ఎక్కాలి, మలుపు దగ్గర మెట్ల వెడల్పు 70 సెంటీమీటర్లే. ఏ దారి మంచిది?

కొయ్యపెట్టె:

ఎర్రబంతి గారూ, నేను ఇప్పటికి రెండు చేశాను. మొదటిదానికి పెట్టె అంతా పూర్తిచేసి, రంగు వేసి, ఆఖరున జాయ్‌స్టిక్కులు బిగించాను. కూర్చుని ఆడితే ప్యానెల్ అంచు మణికట్టుకు ఒరుసుకునేది. ప్యానెల్ మొత్తం విప్పి మళ్లీ కోయాల్సి వచ్చింది. అందుకే చెబుతున్నాను, పెట్టె సంగతి ఇప్పటికి పక్కన పెట్టండి. ముందు చేతుల కిందికి వచ్చే కంట్రోల్ ప్యానెల్ ఒక్కటే చేయండి. బల్ల మీద పెట్టి, ఇంట్లో ఉన్న టీవీకే కలిపి నెల రోజులు ఆడండి. మీ అన్నయ్య గారి చెయ్యి ఏం కోరుతుందో మీకు గానీ మాకు గానీ ఇప్పుడు తెలియదు. అది తేలాక పెట్టెను దాని చుట్టూ కట్టుకోవచ్చు.

జపాన్ పద్ధతి విడిభాగాలు తీసుకోండి. సాన్వా కంపెనీ జేఎల్‌ఎఫ్ రకం జాయ్‌స్టిక్‌కు 35 మిల్లీమీటర్ల బంతి ఉంటుంది. కడ్డీని మధ్యవేలికీ ఉంగరపు వేలికీ నడుమ ఉంచి, బంతిని అరచేతిలోకి తీసుకుంటే బొటనవేలికి పనే ఉండదు. 30 మిల్లీమీటర్ల బటన్లు కూడా తేలికగా దిగుతాయి. అమెరికా పద్ధతి బటన్లకు స్ప్రింగు గట్టిది, వాటిని మీ విషయంలో నేను వద్దంటాను.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ చెక్కకు (కొయ్యపొడిని అదిమి చేసిన పలక) కింది నుంచి అలాగే బిగిస్తే కడ్డీ పైకి పొట్టిగా మిగులుతుంది, ఎంత తిప్పినా తిరిగినట్టే అనిపించదు. చెక్కను అడుగు వైపు నుంచి రౌటర్‌తో (చెక్కను తొలిచే పనిముట్టు) తొలిచి, జాయ్‌స్టిక్ కూర్చునే చోట పలచన చేయాలి. బటన్ల విషయంలోనూ అంతే. నొక్కితే టక్కున కూర్చునే రకం పలుచని రేకు కోసం చేసినది, చెక్కలో అది పట్టు దొరక్క పైకి లేచి వస్తుంది. మీకు కావలసింది కింద మర బిగించుకునే ఓబీఎస్‌ఎన్ రకం.

ఇక ప్యాక్-మ్యాన్, చిక్కుదారుల్లో దయ్యాలను తప్పించుకు తిరిగే ఆట. 1980 నాటి అసలు యంత్రంలో జాయ్‌స్టిక్ నాలుగు దిక్కులకే కదులుతుంది. ఎనిమిది దిక్కుల కడ్డీతో ఆడితే మూల తిరిగే క్షణంలో రెండు స్విచ్‌లు ఒక్కసారే నొక్కుకుంటాయి, ప్యాక్-మ్యాన్ మలుపు తప్పి ముందుకు పోతాడు, వెనక దయ్యం అందుకుంటుంది. ఈ ఆటలో కిటుకంతా మలుపులోనే ఉంది. మలుపు రాకముందే కడ్డీ వంచి ఉంచితే ప్యాక్-మ్యాన్ మూలను కోసుకుంటూ వెళ్లి దయ్యం కంటే రెండడుగులు ముందుంటాడు. కడ్డీ సరైనది కాకపోతే ఆ ఆనందమంతా పోతుంది. జేఎల్‌ఎఫ్ అడుగున, కడ్డీ ఎటు కదలాలో కట్టడి చేసే పలకను 45 డిగ్రీలు తిప్పితే అది నాలుగు దిక్కులదవుతుంది గానీ, ఆట మార్చినప్పుడల్లా ఎవరు విప్పుతారు? నేను ప్యానెల్ మధ్యలో, కొంచెం పైన, నాలుగు దిక్కుల కడ్డీ ఒకటి విడిగా పెట్టాను. గలాగాకూ అదే వాడతాను.

స్విచ్‌ల తీగలన్నీ ఒక చిన్న యూఎస్‌బీ ఎన్‌కోడర్ బోర్డుకు చేరతాయి. కంప్యూటర్ దాన్ని కీబోర్డుగానో గేమ్‌ప్యాడ్‌గానో గుర్తిస్తుంది. అన్నీ గుచ్చే తీగలే, సోల్డరింగ్ అక్కరలేదు. టీవీలో గేమ్ మోడ్ (బొమ్మ ఆలస్యాన్ని తగ్గించే సెట్టింగు) పెట్టడం మరిచిపోకండి. సెకనుకు 60 ఫ్రేముల ఆటలో ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు, టీవీ మూడు నాలుగు ఫ్రేములు ఆలస్యం చేస్తే చేతికి స్పష్టంగా తెలుస్తుంది.

గాజుగొట్టం:

పాత యంత్రాల మానిటర్లు బాగుచేయడం నా పని. గాజు ట్యూబు మీద ఆ బొమ్మల వెలుగును నేను ప్రాణంగా చూసుకుంటాను. అయినా ఈ యంత్రం మీరు కొనవద్దు.

బొమ్మ ముడుచుకోవడం, ఊగడం సాధారణంగా ఎండిపోయిన కెపాసిటర్ల (విద్యుత్తును నిల్వచేసే చిన్న భాగాలు) లక్షణం. తెలిసినవారి చేతిలో నిజంగానే అది పెద్ద పని కాదు. తెలియనివారికి ప్రాణం మీదికి వస్తుంది. రంగుల ట్యూబు మీద సుమారు 20,000 వోల్టులు ఉంటాయి, స్విచ్ ఆపి ప్లగ్గు పీకాక కూడా ఆ విద్యుత్తు ట్యూబులో నిలిచే ఉండవచ్చు. వీడియోలు చూసి వెనక తలుపు తీయకండి, దయచేసి.

పైగా ఆ ఒక్క యంత్రంలో మీ మూడు ఆటలూ ఇమడవు. ప్యాక్-మ్యాన్, గలాగాలకు మానిటర్‌ను నిలువుగా తిప్పి పెడతారు. 1991 నాటి స్ట్రీట్ ఫైటర్ 2కు అడ్డంగా ఉండాలి, ఒక్కొక్కరికి ఆరు బటన్లు కావాలి. వైరింగ్ కూడా వేరు. 1985లో వచ్చిన జామా అనే వైరింగ్ ప్రమాణంలో 56 పిన్నుల కనెక్టర్ ఉంటుంది, దానికి సరిపడే ఆటల సర్క్యూట్ బోర్డులను మార్చుకోవచ్చు. అంతకు ముందరి యంత్రాల్లో ఎవరి వైరింగ్ వారిదే. జామాలో కూడా ఆ ఆరు బటన్లకు అదనపు తీగలు లాగాలి. బరువేమో వంద కిలోలు దాటుతుంది. మీ మెట్ల మలుపు తలచుకుంటేనే నాకు భయంగా ఉంది.

తెర విషయంలో మాత్రం ఒక లెక్క చెబుతాను. ప్యాక్-మ్యాన్ అసలు మానిటర్ 19 అంగుళాలది, నిలువుగా పెడితే బొమ్మ ఎత్తు సుమారు 38 సెంటీమీటర్లు. మీరు 24 అంగుళాల వెడల్పు మానిటర్ అడ్డంగా పెడితే ఆ ఎత్తు 30కి పడిపోతుంది. 32 అంగుళాలది పెడితే దాదాపు 40 వస్తుంది. అప్పుడు తిప్పే బాధ లేకుండా నిలువు ఆటలు అసలు పరిమాణంలో, స్ట్రీట్ ఫైటర్ దానికంటే పెద్దగా కనిపిస్తాయి. పక్కల నల్లగా మిగిలే చోటు రెండు రోజుల్లో అలవాటైపోతుంది.

రెండో ఆటగాడు:

మూడొంతుల ఎత్తు యంత్రం మా ఇంట్లో ఉంది. పిల్లలు ఒక్కొక్కరు ఆడుకోవడానికి బాగుంది, మెట్లెక్కించడమూ తేలిక. పెద్దవాళ్లిద్దరు స్ట్రీట్ ఫైటర్ ఆడితే మాత్రం మోచేతులు కొట్టుకుంటాయి, పక్కకు తిరిగి కూర్చోవాలి. కీళ్ల నొప్పి ఉన్నవారిని అలా కూర్చోబెట్టలేం. కాకపోతే కొయ్యపెట్టె గారు చెప్పినంత పని అందరికీ సాధ్యం కాదు. రెడీమేడ్ ప్యానెల్ ఒక్కటే కొని బల్ల మీద పెట్టుకోవడం కూడా ఒక మార్గమే.

కొయ్యపెట్టె:

అదీ నిజమే, కొని చూసినా నష్టం లేదు. అయితే బటన్ల అమరిక మన చేతిలో ఉండదు, ఇక్కడ అసలు అవసరం అదే.

ఎర్రబంతి గారూ, మరో రెండు మాటలు. కూర్చుని ఆడే పెట్టె కాబట్టి జపాన్ క్యాబినెట్లను చూడండి. 1993లో వచ్చిన సెగా ఆస్ట్రో సిటీ లాంటివి కూర్చుని ఆడటానికే చేశారు, మోకాళ్లకు కింద చోటు వదిలారు. మీ పెట్టెను అడుగుభాగం, తెర ఉండే పైభాగం అని రెండు ముక్కలుగా చేసి బోల్టులతో కలిపితే మెట్ల సమస్య తీరుతుంది. ఇక ఆటలు. పాత ఆర్కేడ్ ఆటలను కంప్యూటర్‌లో నడిపే మేమ్ ప్రోగ్రాం ఉచితమే గానీ, అందులో నడిచే ఆటల హక్కులు కంపెనీలవి. క్యాప్‌కామ్ ఆర్కేడ్ స్టేడియం, ప్యాక్-మ్యాన్ మ్యూజియం ప్లస్ లాంటి సంకలనాలు కంప్యూటర్‌కు కొనుక్కోవచ్చు.

ఎర్రబంతి:

మీ అందరికీ ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా తక్కువే. పాత యంత్రం వద్దని చెప్పేశాను. నిన్న అట్టపెట్టె ఒకటి తెచ్చి, మూతలు అతికించి బటన్లు అనుకున్నాం. అన్నయ్యను కుర్చీలో కూర్చోబెట్టి, అట్ట కింద పుస్తకాలు పేరుస్తూ తీస్తూ చూశాం. ప్యానెల్ ఎత్తు నేల నుంచి 74 సెంటీమీటర్లు అనుకున్నాను. 68 దగ్గర భుజాలు దిగాయి, "ఇక్కడే ఉంచు" అన్నాడు. అంచు నుంచి జాయ్‌స్టిక్ వరకు 14 సెంటీమీటర్లు ఉంటే మణికట్టు ప్యానెల్ మీద ఆనుతోంది.

ఒక్క సందేహం. ఆరు బటన్లను తిన్నటి రెండు వరుసల్లో పెడితే చిటికెన వేలి వైపుది అందుకోవడానికి చెయ్యి మొత్తం తిప్పుతున్నాడు. వంపు ఎంత పెట్టాలి?

కొయ్యపెట్టె:

ఎంత అని అంకె చెప్పలేను, ఆయన చెయ్యే చెబుతుంది. కాగితం మీద చెయ్యి వదులుగా వాల్చమనండి, వేళ్లు చాచకూడదు. నాలుగు వేళ్ల కొనలు ఎక్కడ ఆనాయో పెన్సిల్‌తో చుక్కలు పెట్టండి. చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్ల చుక్కల వంపు వెంబడి పై వరుస మూడు బటన్లు వస్తాయి, చిటికెన వేలికి ఏదీ ఇవ్వకండి. కింది వరుసను అదే వంపుతో పెట్టండి. పక్క బటన్‌కైనా, కింది బటన్‌కైనా ఒకదాని మధ్య నుంచి మరోదాని మధ్యకు 36 మిల్లీమీటర్లు ఉంచండి. బటన్ల అంచులు ఒకదానికొకటి తగలవు.

తొలిచేటప్పుడు ముందు సన్నటి డ్రిల్లుతో నడిమి రంధ్రం అటు వైపు దాకా వేయండి. తర్వాత 30 మిల్లీమీటర్ల బిట్‌తో పై నుంచి సగం, కింది నుంచి సగం తొలిస్తే అంచు చిట్లదు. ఎండీఎఫ్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు పెట్టుకోండి. అన్నయ్య గారు ఆ గదిలో లేనప్పుడే తొలవండి.