ఈ వారం సమస్య: పేరులేనివాడె పేరు పొందె

నిర్వాహకుడు (జయనగర్):
అందరికీ నమస్కారం. మన బెంగళూరు తెలుగు పద్యాల బృందంలో ఎప్పటిలాగే ఎవరి పేటే వారి పేరు. ఈ వారం సమస్యకు మన మారతహళ్ళి తమ్ముడే కారణం. ఉద్యోగం మానేసి పెళ్ళిళ్ళ ఫొటోగ్రఫీలోకి దిగాడు. కెమెరాలు కొన్నాడు, గది అద్దెకు తీసుకున్నాడు, శ్రావణమాసానికి బుకింగులు కూడా వచ్చాయి. పేరు మాత్రం తేలలేదు. కరెంట్ అకౌంట్ తెరవాలన్నా, షాపు రిజిస్ట్రేషన్ చేయించాలన్నా పేరు కావాలి. పిల్లవాడు నిజంగా టెన్షన్‌లో ఉన్నాడు.

సమస్య ఇది:

పేరులేనివాడె పేరు పొందె

ఆటవెలది నాలుగో పాదం. పైమూడు పాదాలు రాసి పద్యం నింపడమే పూరణ, అది మీ పని. పద్యంతో పాటు తమ్ముడికి పనికొచ్చే మాట ఒకటైనా చెప్పండి.

సర్జాపూర్:

తనదు పేరు విడిచి తగ వెల్గు పేరిట
బోర్డు నిలిపె నతడు బుగులు లేక
పెండ్లి పెండ్లికతని పిలువంగ నందరు
పేరులేనివాడె పేరు పొందె

మాది వరంగల్, అందుకే 'బుగులు' (భయం). తమ్ముడూ, 'వెలుగు' అని పెట్టుకో.

మల్లేశ్వరం మాస్టారు:
పూరణ బాగుంది. సొంత పేరు బోర్డు మీద లేదు కనుక పేరులేనివాడు అన్నారు, చిక్కు సులువుగా విడిపోయింది. 'బుగులు' ఉంచండి, పద్యానికి ఊపిరి అదే. మొదటి పాదంలో 'తగ' మాత్రం యతి కోసం, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదర్చడానికి, తెచ్చిన ఊతపదం, తీసేసినా అర్థం మారదు. ఇలా మారిస్తే చూడండి:

తనదు పేరు మాని తమ్ముండు వెలుగంచు
బోర్డు నిలిపె వీథి బుగులు లేక

ఇప్పుడు ఎవరు, ఎక్కడ అన్న రెండూ తెలిశాయి.

కె.ఆర్.పురం అక్క:
పద్యం సరే కానీ ఆ పేరు వద్దు తమ్ముడూ. ఆంధ్రలో 'వెలుగు' అనగానే డ్వాక్రా సంఘాలు, వెలుగు ఆఫీసు గుర్తొస్తాయి. మా అమ్మకి చెబితే లోను సంగతి అడుగుతుంది.

వైట్‌ఫీల్డ్:
అసలు సొంత పేరు ఎందుకు మానాలి? 1910 నుంచి ఈ ఊళ్ళో ఉన్న జి.కె.వేల్ స్టూడియో చూడండి. విన్నవాళ్ళకి అది మనిషి పేరులాగే వినిపిస్తుంది, తరాల తరబడి జనం ఆ పేరు చెప్పుకునే ఫొటోలు దిగారు. పెళ్ళిళ్ళకి పిలిచేది మనిషిని నమ్మే కదా. నా పూరణ:

పేరు పేరటంచు పెద్దల నడుగుచు
కాలమెల్ల నొకడు గడిపివేసె
బోర్డు లేక పనికి పోయె నొకండటు
పేరులేనివాడె పేరు పొందె

మాస్టారు:
ధార చక్కగా ఉంది, ఎక్కడా తడబాటు లేదు. 'ఒకడు', 'ఒకండు' ఎదురెదురుగా నిలిచి కథ నడిపాయి. అయితే సొంత పేరుతో ఒక ఇబ్బంది ఉంది. రేపు తమ్ముడు నలుగురిని పెట్టుకుని ఒకే ముహూర్తానికి రెండు పెళ్ళిళ్ళు ఒప్పుకుంటే, రెండో పెళ్ళివారు 'ఆయనే వస్తానన్నాడు కదా' అంటారు. ఒంటరిగానే పని చేసేవాడికి సొంత పేరు మేలు. బృందం పెంచాలనుకుంటే వేరే పేరే మంచిది.

యలహంక:
మొదటిసారి రాస్తున్నాను, తప్పులుంటే చెప్పండి.

లాల్‌బాగులోన లలితపు వెలుగులో
జంట నిలిపె నొకడు చక్కగాను
క్లిక్కుమన్న చిత్రమొక్కటి చాలదా
పేరులేనివాడె పేరు పొందె

సర్జాపూర్:
మూడో పాదంలో యతి తప్పింది. 'క్లి'కీ 'మొ'కీ మైత్రి లేదు.

మాస్టారు:
తప్పలేదండీ. క్లిక్కు, ఒక్కటి: రెండో అక్షరాలు రెండూ 'క్క'లే. అది ప్రాసయతి, ఆటవెలదిలో హాయిగా చెల్లుతుంది. మొదటి ప్రయత్నంలోనే ప్రాసయతి పడిందంటే చెవి మంచిదన్నమాట. గణం తప్పింది మొదటి పాదంలో. 'లాల్‌బా' రెండూ గురువులే, అక్కడ రావలసిన సూర్యగణం (గురువు, లఘువు; లేదా మూడు లఘువులు) కుదరదు. 'లాలుబాగులోన' అనండి, సరిపోతుంది. 'చక్కగాను'కి బదులు ఆ ఫొటోలో మీరు చూసిందేదో చెప్పండి. వాన వెలిసిన తడి రాయో, గాజు మేడో, ఏదైనా సరే.

బసవనగుడి:
పేరు ఎంచేటప్పుడు బోర్డు కూడా గుర్తుంచుకోవాలి. 2024లో సవరించిన కర్ణాటక చట్టం ప్రకారం బోర్డులో 60 శాతం కన్నడ ఉండాలి, అదీ పైసగంలో. కనుక కన్నడ లిపిలో రాస్తే అందంగా ఉండే పేరు చూసుకో తమ్ముడూ.

నూటికరువదిపుడు నుడి కన్నడము గాగ
బోర్డు మీద తెలుగు పొట్టిదాయె
భాష లేని వెలుగె బ్రతికించె వానిని
పేరులేనివాడె పేరు పొందె

కె.ఆర్.పురం అక్క:
మూడో పాదం చాలా నచ్చింది. రెండో పాదంలో మాత్రం ఫిర్యాదు వినిపిస్తోంది. మనం తింటున్నది ఈ నేల అన్నం. ఇక్కడి భాష బోర్డు మీద ముందుండటం న్యాయమే అని నా అభిప్రాయం.

బసవనగుడి:
నా ఉద్దేశం ఫిర్యాదు కాదక్కా. కానీ అలా వినిపిస్తే మార్చాల్సిందే.

మాస్టారు:
'బోర్డు మీద తెలుగు పొందికాయె' అనండి. గణాలు, యతి చెదరవు, ఫిర్యాదూ పోతుంది.

ఇందిరానగర్:

అందరుండు పటమునందు తానుండడు
నవ్వుడనుచు తాను నవ్వకుండు
ఆల్బమెత్తినంత నందరు మెచ్చగ
పేరులేనివాడె పేరు పొందె

నిర్వాహకుడు:
ఇప్పటిదాకా వచ్చినవాటిలో సమస్యను లోపలి నుంచి విప్పిన పద్యం ఇదేనని నా నమ్మకం. మిగతావి చాలావరకు బోర్డు చుట్టూ తిరిగాయి, ఇది పని దగ్గరికి వెళ్ళింది. వంద ఫొటోల్లో ఒక్కదానిలోనూ తాను ఉండని మనిషి! రెండో పాదం అలవోకగా పడింది. 'అందరు' రెండుసార్లు వచ్చింది, అదొక్కటే లోటు.

మారతహళ్ళి తమ్ముడు:
అందరికీ దండాలు. చదువుతుంటే ధైర్యం వచ్చింది. నిజానికి నేను 'బెంగళూరు తెలుగు వెడ్డింగ్ ఫొటోగ్రఫీ' అని పెట్టేద్దామనుకున్నాను. వెతికేవాళ్ళకి సులువుగా దొరుకుతుంది కదా?

వైట్‌ఫీల్డ్:
దొరుకుతుంది, కానీ నీదిగా నిలవదు. 1999 ట్రేడ్‌మార్క్స్ చట్టం 9వ సెక్షన్ ప్రకారం చేసే పనినీ ఊరినీ మాత్రమే చెప్పే మాటలకు మామూలుగా రిజిస్ట్రేషన్ ఇవ్వరు. రేపు పక్క వీధిలో ఇంకొకరు అదే మాటలు రాసుకుంటే ఆపలేవు. ఊహకు పని పెట్టే పేరు చూసుకో. ట్రేడ్‌మార్క్‌ల కోసం సరుకులనూ సేవలనూ తరగతులుగా విడదీస్తారు, ఫొటోగ్రఫీ సేవలు 41వ తరగతిలోకి వస్తాయి. ఆ తరగతిలో అలాంటి పేరు, అలా పలికే పేరు ఉందేమో ప్రభుత్వ సైటులో ముందే వెతుకు. ఆన్‌లైన్‌లో అప్లై చేస్తే ఒక్కో తరగతికి వ్యక్తులకు ఫీజు 4,500 రూపాయలు.

కె.ఆర్.పురం అక్క:
నా పూరణ కూడా తీసుకోండి.

రెప్పపాటులోన రెండు కుటుంబాల
నవ్వులొక్కచోట నాటినాడు
ఎవరు తీసిరంచు నెల్లరు నడుగంగ
పేరులేనివాడె పేరు పొందె

మాస్టారు:
అమ్మా, 'నవ్వులొక్కచోట నాటినాడు' అన్నది నేను రాసి ఉంటే బాగుండేదనిపించింది. పెళ్ళి ఫొటో చేసే పని అదే. మూడో పాదం 'ఎవరు' అన్న ప్రశ్నతో సమస్యను సహజంగా అందుకుంది. దిద్దడానికి నాకేమీ కనపడలేదు.

మారతహళ్ళి తమ్ముడు:
అక్కా, మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. 'రెప్పపాటు' అని పెట్టుకోనా? షట్టర్ పడి లేచేది రెప్పలాగే. ఇంట్లో పైకి చదివాను, నాన్న కూడా బాగుందన్నారు.

కె.ఆర్.పురం అక్క:
పద్యం మీ అందరిదీ, పెట్టుకో నాన్నా! కన్నడవాళ్ళకీ నోరు తిరుగుతుంది, వాళ్ళకి 'రెప్పె' తెలిసిన మాటే.

సర్జాపూర్:
నా 'వెలుగు' కంటే ఇది మేలు. ఒక్క సందేహం: ఇంగ్లీషులో రాసేటప్పుడు పి ఒకటా రెండా, చివర యు ఒకటా రెండా అని తలా ఒక రకంగా కొడతారు. ఇన్‌స్టాగ్రామ్‌లో నిన్ను వెతికేది అలాగే.

నిర్వాహకుడు:
మంచి ప్రశ్న. తమ్ముడూ, ఒక పని చెయ్యి. తెలుగు వచ్చినవాళ్ళు కొందరికి, రానివాళ్ళు కొందరికి ఫోన్లో పేరు చెప్పి ఇంగ్లీషులో టైపు చేయమను. ఎక్కువమంది రాసిన స్పెల్లింగే ఖాయం చేసుకో, వీలైతే రెండోదీ తీసి పెట్టుకో. విజిటింగ్ కార్డులు 41వ తరగతిలో వెతికిన తరవాతే అచ్చు వేయించు. బోర్డు నమూనా ఇక్కడ పెట్టు, కన్నడ అక్షరాలు బసవనగుడివారు సరిచూస్తారు.

యలహంకవారి సవరించిన పద్యం కోసం ఎదురుచూస్తున్నాం. వచ్చే వారం సమస్య తేటగీతిలో:

చీకటిని చూచి దీపము సిగ్గుపడియె

పూరణలు ఆదివారం సాయంత్రంలోగా పంపండి.